గీతలు తినే పొడి

తన మొగుణ్ణి దొంగ అన్న మనిషికి ముత్యమ్మ ఇరవై రోజుల పాటు చేతులారా విషం పెట్టింది. పెట్టాననుకుంది. ఆ మనిషి చావలేదు సరికదా, కాస్త ఒళ్లు కూడా చేశాడు.

ఆ విషం ఎక్కడా కొన్నది కాదు. పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఆమె పదేళ్లుగా పనిచేస్తున్న ఫ్యాక్టరీలో తయారయ్యే పొడే. పచ్చి బొప్పాయికి గాట్లు పెడితే పాలు కారుతాయి. ఆ పాలను ఎండబెట్టి, గీకి, జల్లించి, డబ్బాలకెత్తి, అరుగుదల మాత్రలు చేసే కంపెనీలకు పంపిస్తారు. పదేళ్లు ఆ పొడి తన వేళ్లను ఎలా కొరుక్కు తిన్నదో ముత్యమ్మకు తెలుసు. వేళ్లనే తిన్నది పేగులను వదులుతుందా అని ఆమె లెక్క. మూడు నెలలు కొంచెం కొంచెంగా ఏరి ఊరగాయ జాడీలో శేరు పొడి దాచుకుని, ప్లాంటు మేనేజర్ హరినాథ్‌కు క్యాంటీన్ నుంచి పోయే క్యారియర్‌లో రోజుకో చెంచా కలిపింది. మొదటి పది రోజులు ఉడికే పప్పులో వేసింది. మనిషి చెక్కు చెదరలేదు. తర్వాత పది రోజులు పప్పు దించి, ఆరిన తర్వాత చల్లింది.

ఇరవై ఒకటో రోజు హరినాథ్ నుంచి కబురొచ్చింది. ముత్యమ్మ కొంగు నడుముకు బిగించి, దేనికైనా సిద్ధపడే అతని గదిలోకి వెళ్లింది.

"ఏం చేస్తున్నావో కానీ ముత్యమ్మా, ఈ మధ్య నీ వంట హాయిగా అరుగుతోంది. ఇదివరకు సాయంత్రం దాకా త్రేన్పులే. మా ఆవిడతో కూడా చెప్పాను, మా క్యాంటీన్ అమ్మ చేతిలో ఏదో మహత్యం ఉందని" అన్నాడు హరినాథ్, పొట్ట మీద చెయ్యి వేసుకుని.

"మీ దయ సారూ" అని బయటికొచ్చింది ముత్యమ్మ. క్యాంటీన్‌లోకి పోయి చేతికందిన గరిటెను గోడకేసి కొట్టింది. సున్నం పెచ్చు రాలింది తప్ప ఆమె కడుపులో మంట చల్లారలేదు.

ఆ మంట వెనకున్న కథ చెప్పాలి. ఆమె మొగుడు చిన్నరాములుదీ ముత్యమ్మదీ లక్డారం ఊరు. ఇద్దరూ ఒకే బండి మీద పొద్దున ఆరింటికి ఫ్యాక్టరీకి వచ్చేవారు. అతను డ్రైయర్ దగ్గర ట్రేలు గీకేవాడు, ఆమె జల్లెడ పట్టేది. ఇద్దరికీ చేతులే పనిముట్లు. గ్లౌజులు లేవా అంటే ఉన్నాయి. మాత్రల కంపెనీవాళ్లు చూడటానికి వచ్చిన రోజు పొద్దున అందరికీ తొడిగి, వాళ్ల కారు గేటు దాటగానే విప్పించి బీరువాలో పెట్టి తాళం వేసేవారు. అడిగిన ప్రతిసారీ హరినాథ్‌ది ఒకటే జవాబు. "ఇది జనం తినే మందురా. కడుపులోకి పోతేనే ఏం కాదు, చేతికేం చేస్తుంది?"

చేతికి ఏం చేస్తుందో అక్కడ పనిచేసే నలభై మందికీ తెలుసు. మొదట వేలికొసలు మెత్తబడతాయి. తర్వాత పొరలు పొరలుగా లేస్తాయి. కొన్నాళ్లకు గీతలన్నీ పోయి, తుడిచిన పలకలా నున్నగా మిగులుతాయి. పచ్చడి కలుపుకుంటే ప్రాణం పోయేంత మంట. అందుకని ఎంతెంత మీసాలున్న మగవాళ్లూ ఆ క్యాంటీన్‌లో చంటిపిల్లల్లా చెంచాతో తినేవారు.

అలాంటి వేళ్ల కోసం హరినాథ్ గేటు దగ్గర వేలిముద్ర మిషన్ పెట్టించాడు. వేలు గుర్తుపడితే లోపల్నుంచి ఒక ఆడగొంతు "థాంక్యూ" అంటుంది. లేకపోతే "ప్లీజ్ ట్రై అగైన్" అంటుంది. కార్మికులకు ఆ రెండో మాటే ఎక్కువ వినపడేది. బొటనవేలికి కాస్త జిడ్డు తగిలితే పడుతుందని ఎవరో కనిపెట్టారు. అప్పట్నుంచి జుట్టుకు రుద్దుకుని నొక్కడం అక్కడ ఆనవాయితీ అయింది. కొత్తవాడెవడైనా చూస్తే వీళ్లంతా మిషన్‌కు సలాము కొడుతున్నారనుకోవాలి.

"గీ పోరి నన్ను గుర్తువడ్తలేదే. ఇరవై ఏండ్లు కాపురం జేసిన, నువ్వన్న గుర్తువడ్తవా?" అని నవ్వేవాడు చిన్నరాములు.

జుట్టుకు రుద్దినా పడనివాళ్లను వాచ్‌మన్ నర్సింహులు ఊరికే లోపలికి వదిలేవాడు. శనివారం సాయంత్రం హరినాథ్ కంప్యూటర్ ముందు కూర్చుని, ఆ వారమంతా వేలు పడనివాళ్ల హాజరును తన చేత్తో సరిచేసేవాడు. మిషన్ అబద్ధం, శనివారం నిజం. అందరికీ అలవాటైపోయింది.

మే నెలలో ఒక గురువారం, డ్రైయర్ పైఅంతస్తు ఇనుప మెట్ల మీద చిన్నరాములు కాలు జారింది. ఆసుపత్రికి చేరేలోపే పోయాడు. డ్యూటీలో పోయాడంటే కంపెనీ నష్టపరిహారం కట్టాలి. సాయంత్రం పోలీసులు వస్తే, హరినాథ్ వాళ్ల చేతికి మిషన్ కాగితం ఇచ్చాడు. గురువారం చిన్నరాములు వేలు పడలేదు. "అంటే డ్యూటీలో లేడండీ. వెనక గోడ దూకి పొడి దొంగతనానికి వచ్చి పడినట్టున్నాడు. మిషన్ అబద్ధం చెప్పదు కదా" అన్నాడు.

పొద్దున మేమిద్దరం ఒక్క బండి మీదనే వచ్చినమని ముత్యమ్మ గుండెలు బాదుకుంది. హరినాథ్ కాగితంలో ఇంకో వరుస చూపించాడు. ఆ రోజు ముత్యమ్మ వేలు కూడా పడలేదు. "ఈవిడ కూడా ఇవాళ రాలేదండీ. రాని మనిషి ఏం చూస్తుంది?" అన్నాడు. పని పోతుందని మిగతావాళ్లెవరూ ముందుకు రాలేదు.

శనివారం వచ్చింది. హరినాథ్ కూర్చుని అందరి హాజరూ సరిచేశాడు. ఆ ఇద్దరిది తప్ప.

పోలీసు కాగితంలో దొంగ అని ఎక్కింది. లక్డారంలో చావుకు వచ్చినవాళ్లు కూడా ఆ మాట గొంతు తగ్గించి అనుకున్నారు. పదేళ్లలో చిటికెడు పొడి జేబులో వేసుకురాని మనిషి మట్టిలోకి దొంగగా పోయాడు. ఆ మట్టి పచ్చిగా ఉండగానే ముత్యమ్మ ఒట్టు పెట్టుకుంది. దొంగ అన్న ఆ నోటితోనే, నలుగురి ముందర, కాదని చెప్పించాలి. చెప్పించలేకపోతే ఆ నోరు ఇంకేమీ చెప్పకుండానన్నా చెయ్యాలి. మొదటిది ఎలాగో తెలియక ఆమె రెండోదానికి దిగింది.

నెల తిరక్కముందే హరినాథ్ జాలి చూపించాడు. ముత్యమ్మకు క్యాంటీన్‌లో వంట పని ఇచ్చి, పక్కన నిలబడి ఫొటో దిగాడు. సిగ్గులేని మనిషి, మొగుణ్ణి దొంగన్న చోటే మెతుకులు ఏరుకుంటోందని ఊళ్లో ఆడవాళ్లు చెవులు కొరుక్కున్నారు. కొరుక్కోనీ అనుకుంది. శత్రువు తినే కంచం తన చేతుల్లోకి వస్తుంటే కాదనడానికి ఆమెకేమన్నా పిచ్చా?

తీరా ఆ కంచం తనను వెక్కిరించింది. గరిటె గోడకేసి కొట్టిన రోజు మధ్యాహ్నం, ముత్యమ్మ టీ కెటిల్ పట్టుకుని లాబ్‌లోకి వెళ్లింది. లాబ్‌లో పొడి పరీక్ష చేసే రమ్యశ్రీ ఒక్కతే ఉంది. ఆమె నాన్న ఎప్పుడో కృష్ణా జిల్లా నుంచి రామచంద్రాపురంలో సర్కారు ఫ్యాక్టరీ నౌకరీకి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. పిల్ల మాటలో ఇంటి యాస పోలేదు కానీ, మనసులో కల్మషం లేదు. చిన్నరాములు పోయిన రోజున ముత్యమ్మ పక్కన కూర్చుని ఏడ్చిన ఒకే ఒక్క ఆఫీసు మనిషి.

"బిడ్డా, ఒక ముచ్చట అడుగుత. గీ పొడి రోజుకింత తింటే మనిషికి ఏమైతది?"

"అరుగుతుంది" అంది రమ్యశ్రీ నవ్వి. "ఎందుకక్కా?"

"మరి ఏళ్లను తింటది గదా. పేగులను ఎందుకు తినది?"

రమ్యశ్రీ నవ్వు ఆపి ఆమె ముఖంలోకి చూసింది. తర్వాత రెండు గ్లాసుల్లో కాసిని పాలు పోసి, ఒకదాంట్లో పొడి కలిపిన నీళ్లు వేసింది. రెండోదాంట్లో అవే నీళ్లు కళపెళ మరగబెట్టి, చల్లార్చి వేసింది. కాసేపటికి మొదటి గ్లాసులో పాలు గడ్డకట్టాయి. రెండోది అలాగే ఉండిపోయింది.

"దీన్ని ఎంజైమ్ అంటారక్కా. మాంసం, పప్పు, పాలు, వీటిల్లో ఉండే మాంసకృత్తులు పొడుగాటి దారాల్లాంటివి. అలాగే ఉంటే ఒంటికి పట్టవు. ఇది వాటిని ముక్కలు చేస్తుంది. ముక్క చేసి తాను అరిగిపోదు, ఇంకో దారం పట్టుకుంటుంది, ఇంకోటి. చిటికెడుంటే చాలు, కుండెడు పని చేస్తుంది. కానీ మరిగిస్తే చచ్చిపోతుంది. ఉడికిన గుడ్డు మళ్లీ పచ్చి గుడ్డు కాదు కదా, అలాగే."

ముత్యమ్మకు మొదటి పది రోజుల సంగతి అర్థమైంది.

"మన ఒంట్లో కూడా ఇలాంటివి ఉన్నాయి. జొన్నరొట్టె ముక్క బాగా నమిలితే తియ్యబడుతుందా లేదా? అది లాలాజలం పని. పిండిని విరిచి చక్కెర చేస్తుంది, మాంసం జోలికి మాత్రం పోదు. దేని పని దానిదే. కడుపులోకి దిగాక పులుపు నీళ్లుంటాయి, వాటితో కలిసి పనిచేసే ఎంజైమ్ ఒకటుంటుంది. అది మాంసాన్ని కోస్తుంది. ఇంకా కిందికి పోతే క్లోమం అని ఒక గ్రంథి, అది పిండికీ మాంసానికీ కొవ్వుకీ తలా ఒకటి పంపిస్తుంది. తన దగ్గర ఉన్నంతసేపూ మాంసాన్ని కోసేదాన్ని నిద్రపుచ్చి ఉంచుతుంది, లేకపోతే తననే కోసేస్తుంది కదా. పేగులోకి దిగాకే అది నిద్ర లేస్తుంది. అన్నీ సన్న ముక్కలయ్యాక అప్పుడు రక్తంలోకి."

"గంత కోసేటియి కడుపుల వెట్టుకొని మనమెట్ల బతుకుతున్నం?"

"కడుపు లోపల జిగురు పొర ఉంటుందక్కా. ఎప్పటికప్పుడు కొత్తగా ఊరుతుంది. ఆ పొర దాటి లోపలి కండను ముట్టుకోలేవు. ఈ పొడి పైనుంచి పోయినా అంతే, పప్పును కోస్తుంది, కడుపును కోయదు."

ముత్యమ్మ తన చేతులు ముందుకు చాపి చూసుకుంది. "చేతికి గా పొర లేదు గదా."

"లేదు. అందుకే గ్లౌజులు. పొడిగా ఉన్నప్పుడు ఇది పెద్దగా ఏం చెయ్యదు. చెమట తగిలితే నిద్ర లేస్తుంది." రమ్యశ్రీ ఆమె బొటనవేలు పట్టుకుని వెలుతురుకు తిప్పింది. "చూడక్కా, నీకు గీతలు వచ్చేశాయి. జల్లెడ మానేసి నాలుగు నెలలైంది కదా. చర్మం కింద గీతల అచ్చు అలాగే ఉంటుంది. నెలన్నరలో మళ్లీ మొలుస్తాయి."

నిజమే. రెండు నెలల కింద ఒక పొద్దున గేటు దగ్గర మిషన్ ఆమెకు థాంక్యూ చెప్పింది. బాగుపడిందేమో అనుకుని ముందుకు నడిచింది తప్ప దాని గురించి ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచిస్తే ఒళ్లు మండింది. వేలు తీసుకున్నదీ వాళ్లే, వేలు ఏదని అడిగిందీ వాళ్లే, వేలు లేదు కాబట్టి దొంగ అన్నదీ వాళ్లే.

ఆ సాయంత్రమే రమ్యశ్రీ కార్మిక శాఖకు అర్జీ రాసిపెట్టింది. ముత్యమ్మ బొటనవేలు సిరా అంటించుకుని దాని కింద గీతలన్నీ కనపడేలా పడింది. దసరా తెల్లారి సునంద అనే అధికారి విచారణకు వస్తారని జవాబు వచ్చింది. ఆ సంగతి తెలిసిన హరినాథ్ గేటు దగ్గరే నలభై మందికీ ఒక మాట చెప్పాడు. "ఎవడైనా మేడమ్ ముందు వేలు పెడితే, మర్నాడు గేటు ముందే ఉంటాడు, లోపల కాదు."

"మిషన్ తప్పు చెబుతుందని ఆవిడ కళ్లతో చూడాలక్కా. వాళ్లెవరూ వేలు పెట్టరు. నీ వేలేమో పడుతోంది. పెట్టనని అనలేని వేలు ఒకటి కావాలి మనకి" అంది రమ్యశ్రీ దిగులుగా.

పెట్టనని అనలేని వేలు ఎవరిదో ముత్యమ్మకు ఆ క్షణాన్నే తట్టింది. రోజూ పొద్దున అందరికంటే ముందు వేలు నొక్కి, థాంక్యూ అనిపించుకుని, చూశారా అన్నట్టు వెనక్కి తిరిగి చూసే మనిషి ఒకడున్నాడు. ఆమె జాడీలో పొడి ఇంకా సగానికి పైనే ఉంది.

ఆ ఫ్యాక్టరీలో పాత సేటు కాలం నుంచి ఒక మామూలు ఉంది. దసరా ముందు రోజు ఆయుధ పూజ చేసి, మిషన్ల ముందు మేకపోతును కోసి, అందరికీ దావత్ ఇస్తారు. మొదటి గిన్నెలో మాంసానికి ఉప్పూ పసుపూ పట్టించేది ప్లాంటు పెద్ద. అతను కుడిచేత్తో కలిపితేనే ఆ ఏడాది మిషన్లు రక్తం అడగవని నమ్మకం. హరినాథ్‌కు ఈ తంతు అంటే మహా ఇష్టం. ఆ ఫొటోలు సేటుకు పంపించుకునేవాడు.

ఈసారి ఆ గిన్నె వేరుగా పెట్టింది ముత్యమ్మ. కార్మికులకు వండే పెద్ద దేగిశాల జోలికి పోలేదు. పండగ పూట కూలోళ్ల కూర పాడుచేసేంత పాపం ఆమె మూటగట్టుకోదలచుకోలేదు. ఆఫీసువాళ్ల కోసం తీసిన ఐదు కిలోల మాంసంలో ఉప్పు, పసుపు, కారం, గోరువెచ్చని నీళ్లు పోసి, జాడీ మొత్తం బోర్లించింది. వెచ్చగా ఉంటే ఆ పొడి ఇంకా చురుగ్గా పనిచేస్తుందని ఆమెకు పదేళ్ల వేళ్ల మంటే చెప్పింది.

హరినాథ్ చొక్కా చెయ్యి మడిచి, నుదుట బొట్టు పెట్టించుకుని, మణికట్టు దాకా ముంచి కలిపాడు. ఫొటోలు తీశారు. సరిగా రాలేదని మళ్లీ కలిపాడు. పది నిమిషాలయ్యాక చెయ్యి కడుక్కోబోతే ముత్యమ్మ అడ్డుపడింది.

"కడుగొద్దు సారూ. గిన్నె పొయ్యెక్కేదాంక గా చెయ్యి గట్లనే ఉండాలె. పోయినేడు మీరు జల్దీ కడిగిండ్రు, ఏమైందో మీకెర్కనే."

చుట్టూ ఉన్నవాళ్లు చిన్నరాములును తలచుకుని డ్రైయర్ ఇనుప మెట్ల వైపు చూశారు. అలాంటి శాస్త్రం ఏదీ లేదని వాళ్లందరికీ తెలుసు. అయినా ఒక్కరూ కాదనలేదు. నర్సింహులైతే "అవు సారూ, గది శాత్రమే" అని తలూపాడు. ఇంతమంది ముందు పట్టింపు లేనట్టు కనపడటం హరినాథ్‌కు ఇష్టం లేకపోయింది. కుర్చీలో కూర్చుని, పసుపు చెయ్యి ముందుకు చాచుకుని ఎదురుచూశాడు.

పొయ్యి వెలగడానికి ఆ రోజు ఎన్ని అడ్డంకులో. గ్యాస్ అయిపోయిందంది ముత్యమ్మ. కొత్త సిలిండర్‌కు రబ్బరు వాషర్ లేదంది. కట్టెలు తెప్పిస్తే పచ్చివంది. మధ్యలో ఒకసారి హరినాథ్ "చెయ్యి ఏంటో చిమచిమలాడుతోంది ముత్యమ్మా" అన్నాడు.

"కారం గదా సారూ. జెర ఓర్చుకోండ్రి" అంది ఆమె, పదేళ్లు ఓర్చుకున్న గొంతుతో. చెయ్యి ఆరిపోతోందని, ఇంకో గరిటెడు ఆ మసాలా నీళ్లే దాని మీద పోసింది.

గంటకు పైగా పట్టింది. కడుక్కున్నాక చూస్తే అరచెయ్యంతా ఎర్రగా కందిపోయి, వేలికొసలు తెల్లగా నాని ఉన్నాయి. ఆఫీసువాళ్ల బల్ల మీద మటన్ నోట్లో పెడితే కరిగిపోతోందని అందరూ ఒకటే మెచ్చుకోవడం. హరినాథ్ ఒక్కడే కూర కలుపుకోలేక, చెంచా అడిగి, ఎడమచేత్తో తిన్నాడు. చెంచా తీసుకెళ్లి ఇచ్చింది ముత్యమ్మే. జాలి కలిగిందా అంటే, రవ్వంత కూడా కలగలేదు. ఆ చెంచా కోసం ఆమె ఐదు నెలలు ఎదురుచూసింది.

దసరా తెల్లారి తొమ్మిదింటికి కార్మిక శాఖ అధికారి సునంద వచ్చింది. యాభై దాటిన మనిషి, నూలు చీర, చేతిలో ఫైలు. కుర్చీ వేయిస్తానంటే వద్దని నేరుగా గేటు దగ్గర మిషన్ ముందు నిలబడింది. ఆమెకు ఎదురువెళ్లి తీసుకురావడానికి హరినాథ్ పొద్దున వేలు కూడా నొక్కకుండా గేటు బయట తన కారు దగ్గరే కాచుకుని ఉన్నాడు. కుడిచెయ్యి ప్యాంటు జేబులో ఉంది. షిఫ్టు జనమంతా లోపలివైపు గుంపుగా నిలబడ్డారు.

"ఈ మిషన్ తప్పు చూపించే అవకాశం లేదంటారు?" అంది సునంద.

"లేదండీ. మనిషి వస్తే వేలు పడుతుంది. పడలేదంటే రానట్టే. రాసుకోండి మేడమ్."

సునంద రాసుకుంది. "ఒకసారి మీరు వేసి చూపించండి."

హరినాథ్ జేబులోంచి చెయ్యి తీశాడు. బొటనవేలి మీద పొర లేచి, కింద గులాబీ రంగు చర్మం మెరుస్తోంది. నొక్కాడు.

"ప్లీజ్ ట్రై అగైన్" అంది మిషన్.

రుమాలుతో తుడుచుకుని మళ్లీ నొక్కాడు. అదే మాట. మూడోసారి కంగారులో అతని చెయ్యి తనకు తెలియకుండానే తల మీదికి పోయింది. జుట్టుకు బొటనవేలు రుద్దుకుని నొక్కాడు. వెనకాల నలభై గొంతుల్లోంచి ఒకే నిట్టూర్పు లాంటి చప్పుడు వచ్చింది.

"ప్లీజ్ ట్రై అగైన్."

ముత్యమ్మ గుంపులోంచి ముందుకొచ్చి, తడిచెయ్యి కొంగుకు తుడుచుకుని తన వేలు పెట్టింది. మిషన్ "థాంక్యూ" అంది. ఆమె సునంద వైపు తిరిగింది.

"రాసుకోండ్రి మేడం. హరినాథ్ సారు ఇయ్యాల డ్యూటీకి రాలే. ఎన్క గోడ దుంకి వచ్చిండు. దొంగతనానికే అయ్యుంటది. మిషన్ అబద్ధం జెప్పదు గదా."

హరినాథ్ కళ్లు తన వేలి మీద, తర్వాత ముత్యమ్మ మీద నిలిచాయి. అప్పుడు వెలిగింది అతనికి. "మేడమ్, ఈవిడ కావాలని చేసింది. మొన్న మటన్‌లో ఏదో కలిపింది. నా చెయ్యి కాల్చేసింది."

"ఏదో గాదు సారూ, మన పొడే" అంది ముత్యమ్మ. దాచుకోవాలని ఆమెకు ఏ కోశానా లేదు. "జనం తినే మందు. కడుపులకు పోతెనే ఏం గాదు, చేతికేం జేస్తది? మీరు జెప్పిన మాటనే గదా."

పొడి వల్లే చెయ్యి పాడైందంటే, ఇన్నాళ్లు నలభై మంది చేతులు పాడుచేసింది ఒప్పుకున్నట్టు. పొడి ఏమీ చెయ్యదంటే, ముత్యమ్మ చేసిన తప్పేమీ లేదు. హరినాథ్‌కు ఎటు తిరిగినా గోడే.

సునంద కలం ఆపి కళ్లజోడు పైనుంచి ఇద్దరినీ చూసింది. "నేను విచారించడానికి వచ్చింది మిషన్ సంగతి. మటన్ సంగతి నా ఫైలులో లేదు" అని, జనం వైపు తిరిగింది. "ఇంకెవరికైనా వేలు పడటం లేదా?"

గేటు కుర్చీలోంచి నర్సింహులు లేచాడు. "చిన్నరాములు గా రోజు పొద్దుగాల ఆరింటికి వచ్చిండు మేడం. పెండ్లాం ఎన్క కూసున్నది. గేటు దీసింది నేనే. గిన్ని రోజులు నోరు మూసుకున్న, నాది తప్పే."

ఆ తర్వాత ఒక్కొక్కరూ వచ్చారు. జుట్టుకు రుద్దుకోకుండానే వేలు పెట్టారు. ప్లీజ్ ట్రై అగైన్, ప్లీజ్ ట్రై అగైన్ అని మిషన్ అలా అంటూనే ఉంది. తెల్లకోటుతో రమ్యశ్రీ వచ్చి సునంద పక్కన నిలబడి, పొడి చర్మాన్ని ఎలా కొరుకుతుందో, మానేస్తే గీతలు ఎలా తిరిగొస్తాయో రెండు మాటల్లో చెప్పింది. శనివారం సర్దుబాట్లు కంప్యూటర్‌లో తీసి చూపించమని సునంద అడిగింది. మే నెల ఆ వారంలో ముప్ఫై ఎనిమిది మందికి హాజరు చేత్తో పడింది. ఇద్దరికి పడలేదు.

"చిన్నరాములు ఆ రోజు డ్యూటీలో ఉన్నాడా లేదా? మీరు చెప్పేదే రాస్తాను" అంది సునంద.

హరినాథ్ నేల చూపులు చూస్తూ ఏదో గొణిగాడు.

"సరిగ్గ వినవడలే సారూ" అంది ముత్యమ్మ. "ప్లీజ్ ట్రై అగైన్."

ఆ ఇంగ్లీషు ముక్క ఆమె నోట్లోంచి అచ్చం మిషన్ గొంతులాగే, కోపం లేకుండా, విసుగు లేకుండా వచ్చింది. హరినాథ్ తలెత్తాడు. నలభై మంది అతని నోటి వైపే చూస్తున్నారు.

"చిన్నరాములు డ్యూటీలోనే ఉన్నాడు. దొంగతనానికి రాలేదు" అన్నాడు, ఈసారి గేటు అవతల రోడ్డు మీదికి కూడా వినపడేలా.

సునంద రాసింది. సంతకం పెట్టమంది. అతను కలం పట్టుకుంటే పొర లేచిన వేలు మండింది. ముత్యమ్మ దగ్గరగా వచ్చి ఆ వేలిని ఒక్క క్షణం చూసింది.

"పరేషాన్ గాకుండ్రి సారూ. నెలన్నరకు మీ గీతలు మీకు మొలుస్తయి" అంది మెల్లగా. "నా మొగడు మట్టిల ఉన్నడు. ఆయనకు మొలవయి."

అని, వెనక్కి తిరిగి చూడకుండా క్యాంటీన్‌లోకి నడిచింది. పన్నెండింటికి నలభై మందికి అన్నం కావాలి, ఇంకా ఎసరు కూడా పెట్టలేదు.